శిస్తు సొమ్ము, సీమ తోటలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. విదేశాలకు వెళ్ళి వచ్చిన సభ్యులు విమానంలో ఏం పెట్టారో, మంచు ఎలా కురిసిందో రాయడం పరిపాటి. ఆ రకం వ్యాసాలు మన సంచికల్లో ఇదివరకే చాలా వచ్చాయి కనుక వాటి జోలికి పోను. 2023 వసంతకాలంలో ఇంగ్లండు పల్లెసీమల్లో నేను చూసిన కొన్ని పాత భవనాలు, వాటి చుట్టూ ఉన్న తోటల గురించి చెబుతాను. రెవెన్యూ శాఖలో 35 ఏళ్ళు శిస్తు లెక్కలు చూసినవాణ్ణి. ఎంత పెద్ద భవనం కనిపించినా, దీనికి సొమ్ము ఏ పద్దు కింద వచ్చిందా అన్న ప్రశ్నే నాకు ముందు తడుతుంది. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదల్లేదు.

మా అమ్మాయి, అల్లుడు లండన్‌కు పడమరగా రీడింగ్ అనే పట్టణంలో ఉంటారు. ఏప్రిల్ మొదటివారంలో మేమిద్దరం అక్కడికి చేరాం. అప్పటికి చెట్లకు ఇంకా ఆకు రాలేదు గాని, గట్ల మీద పసుపుపచ్చని డాఫొడిల్ పూలు విరగబూసి ఉన్నాయి. నెలాఖరుకు చెట్ల కింద నేలంతా బ్లూబెల్ అనే నీలిపూలతో నిండిపోయింది. మనకు వసంతం అంటే మామిడిపిందెలు, ఆ వెనకే మండుటెండలు. అక్కడివారికి అది నెలల తరబడి చీకటి, చలి అనుభవించాక దొరికే వెలుగు. అందుకే ఆ రెండు నెలలూ ముసలీ ముతకా అందరూ తోటల మీద పడతారు. శని, ఆదివారాలు వస్తే చాలు, మా అల్లుడు కారు తీసి, "మామయ్య గారూ, ఈ వారం ఏ జమీందారు ఇల్లు?" అని అడిగేవాడు.

అతని మాట సరైనదే. అక్కడ కంట్రీ హౌస్ అని పిలిచేది మన జమీందారు దివాణం వంటిదే. వందల, వేల ఎకరాల భూమి, దాన్ని కౌలుకు చేసే రైతులు, మధ్యలో దొరగారి భవనం, దాని ముందు తోట. 18వ శతాబ్దంలో లాన్సలాట్ బ్రౌన్ అనే తోటల శిల్పి పేరు అక్కడ మారుమోగింది. తిన్నటి దారులు, కత్తిరించిన పొదలు తీసేయించి, పచ్చిక, చెరువు, అక్కడక్కడ చెట్ల గుంపులు ఉండేట్టు తోటలు వేయించాడు. చూస్తే దేవుడు చేసిన అడవిలాగే ఉంటుంది. నిజానికి వందల మంది కూలీలు మట్టి మోసి, వాగుకు అడ్డుకట్ట వేసి చేసిన పని అది. భవనం ముందు కంచె కనపడకూడదని లోతుగా కందకం తీసి, లోపలివైపు గోడ కట్టేవారు. దాన్ని హా-హా అంటారు. కిటికీలోంచి చూస్తే పచ్చిక ఆవులదాకా ఒకటే ముక్కగా కనిపిస్తుంది, ఆవులు మాత్రం ఇటు రాలేవు. మా ఆవిడకు ఆ కందకం బాగా నచ్చింది. మన ఊళ్ళో ముళ్ళకంపకంటే ఇదే మేలంది.

మేం మొదట చూసినది రీడింగ్‌కు దగ్గరలోనే ఉన్న బాసిల్డన్ పార్క్. ఫ్రాన్సిస్ సైక్స్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి 1771లో ఆ ఎస్టేటు కొన్నాడు. జాన్ కార్ అనే శిల్పి చేత 1776లో భవనం మొదలుపెట్టించాడు. సైక్స్ బెంగాల్ నవాబు దర్బారులో కంపెనీ రెసిడెంటుగా చేసి డబ్బు సంపాదించినవాడు. ఇలా మన దేశంనుంచి సొమ్ముతో తిరిగి వెళ్ళినవారిని అక్కడివారు ఎగతాళిగా నేబాబులు అనేవారు. మన నవాబు అన్న మాటే అలా మారింది. బెర్క్‌షైర్ జిల్లాలో ఇటువంటివారు ఎక్కువమంది స్థిరపడటంతో దానికి ఇంగ్లీషు హిందూస్తాన్ అన్న పేరు కూడా వచ్చింది.

భవనం తేనెరంగు రాతితో కట్టినది. గదుల్లో పింగాణీ, తివాచీలు, పైకప్పుకు సున్నపు నగిషీ, అన్నీ బాగున్నాయి. తలుపు దగ్గర ఉన్న బోర్డులో సైక్స్ డబ్బు బెంగాల్‌లో సంపాదించాడని రాసి ఉంది. మా ఆవిడ అది మా అమ్మాయి చేత చదివించుకుని, "మన దేశపు సొమ్ముతో కట్టిన ఇంటికి మళ్ళీ మనమే టికెట్టు కొనడమా?" అంది. మా అల్లుడు నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. ఆ ప్రశ్న ఆ నెలన్నరా నాతోనే తిరిగింది.

బెంగాల్ సంగతి అలా ఉంచితే, మన జిల్లాల సొమ్ము ఆ దేశంలో ఏ ఇంటికి చేరిందో నాకు కొంత తెలుసు. 1970లలో విశాఖపట్నం కలెక్టరాఫీసులో ఎల్.డి.సి.గా ఉన్నప్పుడు రికార్డు రూములో 1869లో కార్మైకేల్ దొర రాసిన జిల్లా మాన్యువల్ ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని చదివేవాణ్ణి. అందులో ఒక పేరు నా మనసులో అలాగే ఉండిపోయింది. ఆయన మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డ్. ఆయన కట్టించిన ఇల్లు ఇప్పటికీ ఉందని మా అమ్మాయి వెతికి చెప్పింది. లండన్‌కు ఉత్తరంగా హర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో, ఉడ్‌హాల్ పార్క్.

రంబోల్డ్ కథ కాస్త వివరంగా చెప్పాలి. 1752లో గుమాస్తాగా కంపెనీ కొలువులో చేరి, ప్లాసీ యుద్ధంలో క్లైవుకు అంగరక్షక సైనికాధికారిగా పనిచేశాడు. బెంగాల్‌లో సంపాదించుకుని ఇంగ్లండుకు వెళ్ళాడు. 1774లో షాఫ్ట్‌స్‌బరీ అనే ఊరినుంచి పార్లమెంటుకు పోటీచేశాడు. అక్కడ జోడీగా పోటీచేసిన రెండో అభ్యర్థి ఎవరనుకున్నారు, బాసిల్డన్ సైక్సే! తోలుబొమ్మల ఆటలో పంచ్ అనే వేషం ఒకటుంది. ఆ వేషం వేసుకున్న మనిషి ఒక తలుపు చాటున కూర్చుని, కన్నంలోంచి ఓటరుకు 20 గినీల చొప్పున పొట్లాలు అందించాడట. విచారణ జరిగి ఇద్దరి ఎన్నికా రద్దయింది. ఓటుకు నోటు మన దగ్గర పుట్టినదని బాధపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఇంత జరిగాక కూడా 1778లో రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పటికి ఉత్తర సర్కారులు, అంటే శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి ప్రాంతాలు కంపెనీ చేతిలో ఉన్నాయి. జమీందారుల పేష్కష్ ఎంత ఉండాలి, భూముల రాబడి ఎంత, రైతు దగ్గర ఎంత వసూలు చేస్తున్నారు అన్నది ఊరూరా తిరిగి విచారించడానికి కంపెనీ డైరెక్టర్లు సర్క్యూట్ కమిటీ అని ఒకటి వేయించారు. మన భాషలో చెప్పాలంటే క్షేత్ర విచారణ. రంబోల్డ్ వచ్చీ రాగానే ఆ కమిటీని రద్దుచేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మని తాఖీదు పంపాడు. వందల మైళ్ళ ప్రయాణం. పరివారంతో పల్లకీల్లో వెళ్ళాలి, నెలల తరబడి అక్కడే మకాం వేయాలి, దర్శనానికి దుబాసీలను ఆశ్రయించాలి. ఆ ఖర్చుకు జమీందారు షావుకారు దగ్గర అప్పు చేస్తాడు. ఆ అప్పు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో శిస్తు వసూలు చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

విజయనగరంలో అప్పుడు విజయరామరాజు జమీందారు, ఆయన అన్న సీతారామరాజు. అన్నదమ్ములకు పడదు. విజయరామరాజు వద్దని మొత్తుకున్నా వినకుండా రంబోల్డ్ సీతారామరాజునే దివానుగా నిలబెట్టాడు. దీని వెనక లంచాలు నడిచాయని ఆనాడే గోల పుట్టింది. జీతంతో పొసగనంత సొమ్ము రంబోల్డ్ ఇంగ్లండుకు పంపాడని అభియోగం. అది బెంగాల్‌లో మునుపు సంపాదించుకున్నదేనని ఆయన వాదన. ఇక గుంటూరు సర్కారును బసాలత్ జంగ్ దగ్గర కౌలుకు తీసుకుని, దాన్ని ఆర్కాటు నవాబుకు పదేళ్ళ కౌలుకు తిప్పేశాడు. దానితో నిజాముకు కోపం వచ్చింది. 1780లో ఆరోగ్యం బాగాలేదని రంబోల్డ్ ఇంటికి వెళ్ళిపోయాడు. 1781లో కంపెనీ ఆయన్ని బర్తరఫ్ చేసింది. పార్లమెంటులో శిక్ష బిల్లు పెట్టారు గాని 1783లో అది నీరుగారిపోయింది. సస్పెన్షన్లు, చార్జిమెమోలు, చివరికి ఫైలు మూసేయడం చూసినవాళ్ళం, ఇందులో మనకు ఆశ్చర్యపడవలసింది ఏమీలేదు.

ఉడ్‌హాల్ భవనం కట్టడం 1777లో మొదలై 1782లో ముగిసింది. అంటే ఆయన మద్రాసు గవర్నరుగిరీ మొత్తం ఆ అయిదేళ్ళలోనే ఇమిడిపోయింది. ఇక్కడ విచారణ కమిటీని రద్దుచేస్తూ ఉత్తర్వు రాసిన రోజుల్లో అక్కడ గోడలు లేస్తున్నాయన్నమాట. ఏ రాయికి ఏ జిల్లా డబ్బు పడిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. అయినా తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే లెక్కలు చూసినవాడికి మనసు ఊరుకోదు.

ఆ ఇంటికి రెండో అధ్యాయం కూడా ఉంది. రంబోల్డ్ 1791లో పోయాక దాన్ని కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డ్. ఇతను మద్రాసులో కంపెనీ ఉద్యోగిగా ఉంటూనే ఆర్కాటు నవాబుకు వడ్డీకి అప్పులిచ్చి పేరుమోసినవాడు. నవాబు అప్పు తీర్చలేక తన ప్రాంతాల శిస్తునే దొరలకు రాసిచ్చేవాడు. నెల్లూరు, ఒంగోలు సీమలు ఆ రోజుల్లో ఆ నవాబు ఏలుబడిలోవే. 1785లో ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో ఈ అప్పుల మీద చేసిన ప్రసంగంలో బెన్‌ఫీల్డ్‌ను తూర్పారబట్టాడు. అయినా అతగాడికి ఏమీ కాలేదు. ఉడ్‌హాల్ కొని, రెండువైపులా కొత్త గదులు కట్టించాడు. ఆ తర్వాత వ్యాపారంలో దివాలా తీసి, ఇల్లు అమ్ముడైపోయి, 1810లో పారిస్‌లో దారిద్ర్యంతో పోయాడు. ఇంటిని శామ్యూల్ స్మిత్ అనే బ్యాంకరు కొన్నాడు. ఇప్పుడు ఆ భవనంలో ఒక ప్రైవేటు బడి నడుస్తున్నది.

బడి కావడంవల్ల లోపలికి పోనివ్వరు. లోపల ఒక గది గోడలనిండా వందల చెక్కడపు బొమ్మల ప్రతులు అంటించి ఉన్నాయని విన్నాం, చూడలేదు. కాని ఇంగ్లండులో ఒక మంచి పద్ధతి ఉంది. ఎంత పెద్దవాడి భూమిలోనైనా, తరతరాలుగా జనం నడిచిన కాలిబాటను మూసేయడానికి వీల్లేదు, అది చట్టం. ఆ బాటన మేం నలుగురం పార్కులోకి నడిచాం. బీన్ అనే చిన్న ఏటికి అడ్డుకట్ట వేసి చేసిన చెరువు, ఒడ్డున ముసలి ఓక్ చెట్లు, గొర్రెలు, మీదుగా దూరంగా తెల్లటి భవనం. చెట్లకు అప్పుడే లేతాకు వస్తున్నది. మా ఆవిడ గట్టు మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పింది. ఆ చోటు ఎంతో అందంగా ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి నాకు కష్టంగా కూడా ఉంది. రెండూ నిజమే.

క్లైవు పేరు రాకుండా ఈ కథ పూర్తికాదు. 1765 ఆగస్టులో షా ఆలం చక్రవర్తి దగ్గర బెంగాల్ దివానీతోబాటు ఉత్తర సర్కారులకు సన్నదు రాయించుకున్నది ఆయనే. మూడేళ్ళకు, 1768లో, లండన్‌కు నైరుతిగా ఉన్న క్లేర్‌మాంట్ ఎస్టేటు కొన్నాడు. ఉన్న భవనాన్ని పడగొట్టించి, బ్రౌన్ చేత కొత్తది కట్టించడానికి లక్ష పౌన్లకు పైగా ఖర్చుపెట్టాడు. అందులో సుఖంగా ఉండకముందే 1774లో ప్రాణం తీసుకున్నాడు. గోడలు అంత మందంగా కట్టించింది దయ్యం లోపలికి రాకుండానేనని చుట్టుపక్కల పల్లెజనం చెప్పుకునేవారని మెకాలే రాశాడు. ఆ భవనంలో కూడా ఇప్పుడు బడే ఉంది. తోట మాత్రం అందరికీ తెరిచి ఉంది. మెట్లుమెట్లుగా పచ్చికతో మలిచిన పెద్ద అరవృత్తం, దాని కింద చెరువు, మధ్యలో లంక. ఆ అరవృత్తం క్లైవుకంటే ముందుతరం దొరలు వేయించినది. పిల్లలు పైనుంచి కిందికి దొర్లుతూ ఆడుకుంటున్నారు.

గ్లాస్టర్‌షైర్ జిల్లాలో సెజిన్‌కోట్ అని ఒక వింత ఇల్లు ఉంది. చార్లెస్ కాకరెల్ అనే కంపెనీ ఉద్యోగి, శిల్పి అయిన తన అన్నదమ్ముడి చేత 1805 ప్రాంతంలో దీన్ని మొగలాయి పద్ధతిలో కట్టించాడు. రాగి గుమ్మటం, నెమలిపింఛం లాంటి కమాను కిటికీలు. తోటలో సూర్యుడి గుడి, వంతెన మీద నందులు. తోట కట్టడాలకు, మన దేశమంతా తిరిగి దృశ్యాలు గీసిన థామస్ డేనియల్ సలహా ఇచ్చాడు. లోపలికి వెళితే మాత్రం అంతా ఇంగ్లీషు పద్ధతే. మా ఆవిడ నందికి దండం పెట్టింది. పూజారి లేడు, హారతి లేదు, చుట్టూ మాగ్నోలియా పూలు.

అన్ని ఇళ్ళూ మన సొమ్ముతో కట్టినవే అనుకుంటే అన్యాయం అవుతుంది. విల్ట్‌షైర్‌లోని స్టూర్‌హెడ్ తోట హోర్ అనే బ్యాంకు కుటుంబానిది. హెన్రీ హోర్ 1740లలో మొదలుపెట్టి లోయకు అడ్డుకట్ట వేసి చెరువు చేశాడు. చుట్టూ రోము పద్ధతిలో గుళ్ళు కట్టించాడు. చెరువు చుట్టూ నడిస్తే ఒక్కో మలుపులో ఒక్కో గుడి కనబడి, మళ్ళీ చెట్ల చాటుకు పోతుంది. మే నెలలో మేం వెళ్ళినప్పుడు రోడోడెండ్రాన్లు ఎర్రగా, గులాబీగా పూసి నీళ్ళలో ప్రతిఫలిస్తున్నాయి. ఆ జాతుల్లో చాలావాటి పుట్టిల్లు మన హిమాలయాలు. 1848 నుంచి రెండేళ్ళపాటు జోసెఫ్ హుకర్ సిక్కిం ప్రాంతంలో తిరిగి వాటి విత్తనాలు ఇంగ్లండుకు పంపాడు.

స్టూర్‌హెడ్ చివరి దొర కథ విన్నాక నా మనసు మెత్తబడింది. సర్ హెన్రీ హోర్‌కు ఒక్కడే కొడుకు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి 1917లో పోయాడు. వారసుడు లేని ఆ దంపతులు 1946లో ఇల్లు, తోట నేషనల్ ట్రస్టుకు రాసిచ్చేశారు. 1947 మార్చి 25న భార్యాభర్తలిద్దరూ కొన్ని గంటల తేడాతో ఒకే రోజు పోయారు. ఆ మాట విని మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఈ ట్రస్టు సంగతి మన సభ్యులు తెలుసుకోదగినది. 1895లో ముగ్గురు కలిసి దీన్ని స్థాపించారు. వారిలో ఆక్టేవియా హిల్ అనే ఆవిడ పేదల ఇళ్ళ కోసం పనిచేసిన మనిషి. 1907లో వచ్చిన చట్టం ప్రకారం, ట్రస్టు ఒకసారి శాశ్వతమని ప్రకటించిన ఆస్తిని తిరిగి అమ్మడానికి వీల్లేదు. 1894లో అక్కడి సర్కారు చనిపోయినవారి ఆస్తి మీద పన్ను వేసింది. అది పెరుగుతూ పోయి, 1950లో డెవన్‌షైర్ డ్యూకు పోయినప్పుడు నూటికి 80 వంతులయింది. ఆ కుటుంబం పన్ను కింద హార్డ్‌విక్ హాల్ అనే పెద్ద భవనాన్నే అప్పజెప్పింది. కట్టలేనివారు ఇళ్ళు కూల్చి రాయీ కలపా అమ్ముకున్నారు. 20వ శతాబ్దంలో వెయ్యికి పైగా భవనాలు అలా నేలమట్టమయ్యాయి. బాసిల్డన్‌లో అలంకారపు సామగ్రి కొంత న్యూయార్కు హోటలుకు చేరింది. యుద్ధకాలంలో సైన్యం ఉండి వెళ్ళాక పాడుబడిన ఆ ఇంటిని 1950లలో ఐలిఫ్ దంపతులు కొని బాగుచేయించి, 1978లో ట్రస్టుకు ఇచ్చారు. శిస్తు సొమ్ముతో లేచిన ఇళ్ళు పన్ను దెబ్బకే జనం చేతికి వచ్చాయంటే నాకు, పన్నుల శాఖ మనిషిని గనుక, కొంచెం సంతోషంగానే ఉంది.

ఈ ఇళ్ళలో గదిగదికీ ఒక ముసలాయనో ముసలమ్మో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. అందరూ మనలాంటి పెన్షనర్లే. జీతం లేదు. వచ్చినవారికి గది కథ చెప్పడం, పిల్లలు తివాచీ తొక్కకుండా చూడటం వారి పని. బాసిల్డన్‌కు రెండోసారి వెళ్ళినప్పుడు, బడిపంతులుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన నాతో మాట కలిపారు. 2020లో ట్రస్టు ఒక నివేదిక వేసి, తమ చేతిలో ఉన్నవాటిలో 93 స్థలాలకు వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని ప్రకటించిందట. దానిమీద సభ్యుల్లో పెద్ద రగడ జరిగిందట. "ఉన్నది ఉన్నట్టు చెబితే ఇల్లు కూలిపోదు కదా" అన్నారాయన. సైక్స్ జోడీదారు రంబోల్డ్ గురించి, సర్క్యూట్ కమిటీ గురించి, సీతారామరాజు గురించి నేను చెప్పాను. ఆయన ఎప్పుడూ వినలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, విజయనగరం అన్న పేరుకు అక్షరాలు ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. పేష్కష్ అంటే ఏమిటని అడిగి అదీ రాసుకున్నారు.

టికెట్టు గురించి మా ఆవిడ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతవరకే. టికెట్టు సొమ్ము సైక్సు వారసులకు పోవడంలేదు, కప్పు కారకుండా చూడటానికి పోతున్నది. అయితే రైతు ఇచ్చిన దానికి అది రశీదు కాదు. "రశీదు లేని వసూలు ఏమంటారు మీ ఆఫీసులో?" అని ఆవిడ అడిగింది. ఏమంటామో మీ అందరికీ తెలుసు.

పిల్లలు ఆ దేశంలో ఉన్న సభ్యులకు కొన్ని సూచనలు. ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మూడోవారం వరకు వెళితే బ్లూబెల్, రోడోడెండ్రాన్ రెండూ దొరుకుతాయి. ఎండ కనబడిందని స్వెట్టరు ఇంట్లో వదలవద్దు. ట్రస్టు సభ్యత్వం ఏడాదికి తీసుకుంటే విడి టికెట్లకంటే కలిసివస్తుంది. సెజిన్‌కోట్ ట్రస్టుది కాదు, వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ముందుగా కనుక్కుని వెళ్ళాలి. ఉడ్‌హాల్‌కు లండన్ నుంచి రైలుంది, వాట్టన్-అట్-స్టోన్ స్టేషన్లో దిగాలి. రంబోల్డ్ సమాధి ఆ ఊరి చర్చిలోనే. పార్కు కాలిబాట వానకు బురదవుతుంది, చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకోండి.